కొత్త మందుల ఆవిష్కరణలో విశ్వవిద్యాలయ పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెప్పే నా దగ్గరికి ఏటా దాదాపు అవే సందేహాలు వస్తాయి. కర్నూలు, కడప వైపు నుంచి పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు కొన్ని అడుగుతారు. ఎం.ఫార్మసీలో ప్రాజెక్టు మొదలుపెట్టిన విద్యార్థులు కొన్ని అడుగుతారు. పెద్దాసుపత్రిలో ఏదో పరిశోధనకు సంతకం పెట్టమన్నారని భయపడుతూ వచ్చే ఊరివాళ్లు మరికొన్ని అడుగుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులను దశల వారీగా ఇక్కడ కూర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్నను వారు నేరుగా చదువుకోవచ్చు.

## మందు పుట్టకముందు జరిగే పని

మందులు తయారు చేసేది కంపెనీలు కదా, మధ్యలో యూనివర్సిటీల పని ఏమిటి?

మాత్రను తయారు చేసి, పరీక్షించి, అంగడికి చేర్చేది కంపెనీయే. అయితే ఆ జబ్బు శరీరంలో ఎక్కడ మొదలవుతుంది, దేన్ని అడ్డుకుంటే అది ఆగుతుంది, అడ్డుకున్నందువల్ల మరేదైనా దెబ్బతింటుందా అన్న ప్రశ్నలకు జవాబులు ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో దొరికాయి. అమెరికాలో 2010 నుంచి 2016 వరకు అనుమతి పొందిన 210 కొత్త మందులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగిన పరిశోధనకు సంబంధం లేని మందు ఒక్కటీ కనిపించలేదు. ఆ నిధుల్లో అధిక భాగం ఖర్చయ్యేది విశ్వవిద్యాలయాల్లోనే.

ఇన్సులిన్ చరిత్ర ఈ పని విభజనను స్పష్టంగా చూపుతుంది. 1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ మొదలుపెట్టిన పనికి మెక్లియోడ్, కాలిప్ తోడయ్యారు. 1922 జనవరిలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది వేశారు. బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంటు హక్కును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. అయినా ప్రయోగశాలలో తీసిన ఇన్సులిన్ రోగులందరికీ ఎక్కడ సరిపోతుంది? పెద్ద ఎత్తున తయారు చేయడానికి ఎలీ లిల్లీ కంపెనీ అవసరమైంది.

మన తెలుగువాళ్లెవరైనా మందు కనుక్కున్నారా?

యల్లాప్రగడ సుబ్బారావు పేరు ప్రతి ఫార్మసీ విద్యార్థికీ తెలిసి ఉండాలి. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డ్ చేరిన ఆయన, 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలుసుకోవడంలో కీలకమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై వారి పని ఆ కొలత మీదే నిలిచింది. ఇది పూర్తిగా విశ్వవిద్యాలయ తరహా పని. దానివల్ల ఆ రోజు ఏ రోగికీ మాత్ర అందలేదు.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కకపోవడంతో 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలు అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారు చేసి బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించింది. రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన 16 మంది పిల్లలకు దాన్ని ఇస్తే 10 మందిలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. బోదకాలు నివారణ కార్యక్రమాల్లో మన ప్రభుత్వం పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చినదే. కంపెనీలో ఆయన సాధించిన వేగానికి విశ్వవిద్యాలయంలో గడిపిన నెమ్మదైన ఏళ్లే పునాది అని నేను నమ్ముతాను.

ఒకదాని కోసం వెతికితే ఇంకొకటి దొరకడమే పరిశోధన అంటారు, నిజమేనా?

కొన్నిసార్లు నిజమే. అయితే దొరికినదాన్ని గుర్తించగల చూపు ఉండాలి. రాయలసీమలో దాదాపు ప్రతి ఇంటి వాకిట్లో కనిపించే బిళ్ళగన్నేరు ఇందుకు మంచి ఉదాహరణ. జమైకాలో ఆ ఆకు కషాయాన్ని మధుమేహానికి తాగుతారని తెలిసి, కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ దాని సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు. కానీ ఎలుకలు అంటురోగాలతో చనిపోసాగాయి, వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. మరొకరైతే ప్రయోగం చెడిందని పక్కన పెట్టేసేవారు. నోబుల్, రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ ఆ తెల్లకణాల మీదే దృష్టి పెట్టి, 1958లో విన్‌బ్లాస్టిన్‌ను ప్రకటించారు. అదే మొక్క నుంచి ఎలీ లిల్లీ శాస్త్రవేత్తలు తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో అది ఇప్పటికీ ముఖ్యమైన మందు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఎముక మజ్జను దెబ్బతీసే పదార్థాలున్న ఆకు అది. షుగరుకు మంచిదని విని బిళ్ళగన్నేరు ఆకులు నమలవద్దు.

## ప్రయోగశాల దశ

మా జేజి ఇచ్చే ఆకుమందుతో షుగరు తగ్గింది. ఆ ఆకును యూనివర్సిటీకి ఇస్తే మందు చేస్తారా?

ఆసక్తితో పరిశీలించేవారు దొరుకుతారు. మందు అవుతుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. మొదట వృక్షశాస్త్ర విభాగం ఆ మొక్క ఏదో నిర్ధారించి, ఎండబెట్టిన నమూనాను భద్రపరచాలి. ఒకే పేరుతో ఒక ఊర్లో ఒక మొక్కను, పక్క ఊర్లో మరో మొక్కను పిలవడం మనకు తెలిసిందే. తర్వాత ఆకు సారాన్ని తీసి, అందులోని పదార్థాలను వేరుచేసి, ఏది పనిచేస్తోందో ఒక్కొక్కటిగా చూడాలి. వానాకాలంలో నల్లమలలో కోసిన ఆకూ, మే నెల ఎండలో కోసినదీ ఒకే ఫలితం ఇవ్వకపోవచ్చు కాబట్టి కోసిన చోటు, నెల, ఎండబెట్టిన తీరు కూడా రాసిపెట్టాలి.

హక్కుల విషయం కూడా ఉంది. మన పేటెంటు చట్టం ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు రాదు. మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా ఇచ్చిన పసుపు పేటెంటును మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ ఆకు నుంచి నిజంగా కొత్తది ఏదైనా తీసి పేటెంటు కోరేవారు 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెప్పిన ప్రక్రియను పూర్తి చేయాలి. లాభం వస్తే ఆ జ్ఞానాన్ని కాపాడుకుంటూ వచ్చినవారికి వాటా అందాలన్నది ఆ చట్టం ఉద్దేశం. చెంచుల దగ్గర అడిగి తెలుసుకున్న సంగతిని థీసిస్‌లో వారి ప్రస్తావన లేకుండా రాయడం తప్పని నేను విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

ఇదంతా జరుగుతుండగా డాక్టరు ఇచ్చిన షుగరు మాత్రలు మానవద్దు.

కామెర్లకు పసరు పోస్తే తగ్గుతోంది కదా, దానికి మళ్లీ పరిశోధన ఎందుకు?

కలుషిత నీటి వల్ల వచ్చే ‘హెపటైటిస్-ఎ’ రకం కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినవారికీ తగ్గుతాయి, తాగనివారికీ తగ్గుతాయి. కాబట్టి తాగినవారిని మాత్రమే చూసి పసరు గుణాన్ని లెక్కించలేం. ఒకే రకమైన రోగులను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు మందులా కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చామో తెలియకుండా ఫలితాన్ని కొలవాలి.

నేల ఉసిరి విషయంలో సరిగ్గా ఇలాంటి ప్రయత్నమే జరిగింది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్ బృందం కలిసి 1988లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలో వైరస్‌ను మోస్తున్నవారిలో నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంతో ఆశ కలిగించిన ఫలితం అది. అయితే తర్వాత ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో అంతటి ప్రభావం మళ్లీ కనిపించలేదు. మొక్క ఎక్కడిది, ఏ జాతి, ఏ కాలంలో కోశారు అన్న తేడాలు కారణమా, మొదటి పరీక్షలో మనుషుల సంఖ్య చిన్నది కావడం కారణమా అన్న చర్చ చాలాకాలం సాగింది. హెపటైటిస్ బి చికిత్సలో నేల ఉసిరి నేటికీ ప్రామాణిక మందు కాలేదు. ఆ శాస్త్రవేత్తలు చేసినది వృథా అని నేను అనను. సంఖ్యలతో సహా ప్రకటించారు కాబట్టే ఇతరులు మళ్లీ పరీక్షించగలిగారు. పసరు పోసేవారి దగ్గర అలాంటి లెక్క ఉండదు, కాలేయం చెడిపోయి ఆసుపత్రికి వెళ్లినవారి పేర్లు అక్కడ ఎవరూ రాసుకోరు.

"యూనివర్సిటీలో క్యాన్సర్‌కు మందు కనుగొన్నారు" అని పేపర్లో వచ్చింది. ఎప్పుడు దొరుకుతుంది?

అలాంటి వార్తల్లో ఎక్కువ భాగం గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద జరిగిన ప్రయోగానికి సంబంధించినవే. ఆ పళ్లెంలో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు పోసినా క్యాన్సర్ కణాలు చస్తాయి. అసలు కష్టమంతా మంచి కణాలకు హాని చేయకుండా, కడుపులో కరిగి రక్తంలోకి చేరి, కాలేయం వెంటనే విరిచేయకుండా, కావలసిన చోటికి కావలసినంత అందేలా చేయడంలో ఉంది. ఇలాంటి పదార్థం మాత్రగా మారడానికి, మారితే, సాధారణంగా పది నుంచి పదిహేనేళ్లు పడుతుంది. వార్తలో "ఎలుకల్లో", "కణాల్లో" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే మీ ఇంట్లో ఉన్న రోగి చికిత్సను ఆ వార్త కోసం ఆపవద్దు.

ఎలుకల మీద ప్రయోగం తప్పనిసరా?

అన్ని సందర్భాల్లో కాదు. జంతువులపై ప్రయోగానికి సంస్థలోని నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. కణాలతో, కంప్యూటర్ నమూనాలతో చేసే ప్రత్యామ్నాయ పద్ధతులను కూడా అంగీకరించేలా 2023లో మన నిబంధనలను సవరించారు.

## ప్రయోగశాలలో అడుగుపెట్టే విద్యార్థుల సందేహాలు

అనంతపురం, కర్నూలు, కడపలలో ఉండి మందుల పరిశోధన చేయడం సాధ్యమేనా, హైదరాబాదు వెళ్లక తప్పదా?

చేయవచ్చు. ఇక్కడ చేయదగిన పని ఏదో ముందుగా తెలుసుకుని మొదలుపెట్టాలి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో రసాయన, జీవశాస్త్ర విభాగాలు ఉన్నాయి. అనంతపురం జేఎన్‌టీయూ కింద నూనెల సాంకేతిక, ఔషధ పరిశోధన సంస్థ ఉంది. 1956లో మొదలైన కర్నూలు వైద్య కళాశాల వెనుక వేలాది రోగులకు సేవ చేసే పెద్దాసుపత్రి ఉంది. కొత్త పదార్థాలను తయారు చేయడం, మొక్కల సారాలను వేరుచేయడం, క్రిములపై తొలి పరీక్షలు, రోగుల వివరాల అధ్యయనం ఇక్కడే జరగగలవు. పదార్థం నిర్మాణాన్ని తేల్చే ఎన్‌ఎమ్‌ఆర్ వంటి ఖరీదైన యంత్రం లేకపోతే నమూనాను అది ఉన్న సంస్థకు పంపించి ఫలితం తెప్పించుకుంటారు. ప్రభుత్వ నిధులతో కొన్న పరికరాలు ఏ సంస్థలో ఉన్నాయో ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకవచ్చు.

మన దగ్గర నిజమైన ఇబ్బంది పరికరాలకన్నా నిలకడలో ఉంది. వేసవిలో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే నెలల తరబడి తీసిన సారం చెడిపోతుంది. జంతువుల గదిలో వేడి పెరిగితే ఎలుకల చక్కెర విలువలే మారిపోతాయి, దాన్ని మందు ప్రభావం అనుకునే ప్రమాదం ఉంది. గదిలో ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాయడం ఖర్చులేని పని. అది రాసిన ప్రయోగశాల ఫలితాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను.

మా పాప ఎం.ఫార్మసీ, తర్వాత పీహెచ్‌డీ అంటోంది. అంతకాలం డబ్బు ఎవరిస్తారు?

ఎం.ఫార్మసీ ప్రవేశానికి జాతీయ స్థాయిలో జరిగే జీప్యాట్ పరీక్షలో అర్హత సాధించి గుర్తింపు ఉన్న కళాశాలలో ఎం.ఫార్మసీ చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం లభిస్తుంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. ఈ జేఆర్‌ఎఫ్ మొత్తాలు 2023 నుంచి అమలులోకి వచ్చాయి. ఫెలోషిప్ లేకుండా చేరితే సొంత ఖర్చే ఎక్కువ కాబట్టి చేరేముందే గైడు దగ్గర ప్రాజెక్టు నిధులు ఉన్నాయేమో మొహమాటం లేకుండా అడగండి.

ప్రయోగం ఫలించకపోతే థీసిస్ పోతుందా?

పోదు, పోకూడదు. కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థి కళ్లనీళ్లతో నా దగ్గరికి వచ్చాడు. గుంపుకు ఆరు ఎలుకల చొప్పున పరీక్షిస్తే అతని ఆకు సారం చక్కెరను తగ్గించలేదు. తగ్గని రెండు ఎలుకల వివరాలు తీసేస్తే ఫలితం బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారట. ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పాను. రాశాడు, పట్టా వచ్చింది. తీసేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ వ్యాసాన్ని నమ్మి మరో ఊర్లో మరో విద్యార్థి రెండేళ్లు అదే ఆకు మీద పని చేసేవాడు, ఇంకొన్ని ఎలుకలు చచ్చేవి, ఏదో ఒక రోజు ఆ పొడి సీసాలో నింపి షుగరు రోగికి అమ్మేవారు. చిన్న విశ్వవిద్యాలయం ప్రపంచానికి అందించగల అత్యంత విలువైన వస్తువు నమ్మదగిన లెక్క. "ఇది పనిచేయలేదు" అన్నదీ అలాంటి లెక్కే.

## మనుషులపై పరీక్షల దశ

క్లినికల్ ట్రయల్‌లో దశలు అంటే ఏమిటి?

మొదటి దశలో ఇరవై నుంచి వంద మందిలో మందు సురక్షితమా, ఎంత మోతాదు తట్టుకుంటారు అని చూస్తారు. రెండో దశలో వందల మంది రోగుల్లో పనిచేస్తోందా అని, మూడో దశలో వందల నుంచి వేల మందిలో ఇప్పుడున్న చికిత్సకంటే మేలా అని పరీక్షిస్తారు. నాలుగో దశ అమ్మకాలు మొదలయ్యాక జరుగుతుంది. మొదటి దశలోకి వచ్చిన పది మందుల్లో సుమారు ఒకటే అనుమతి దాకా చేరుతుంది.

పెద్దాసుపత్రిలో పరిశోధనలో చేరమని అడిగారు. మమ్మల్ని ఎలుకల్లా వాడుకుంటారా?

ఆ భయం అర్థం చేసుకోదగినదే, అందుకే చట్టం మీకు కొన్ని హక్కులు ఇచ్చింది. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు 2019 ప్రకారం పరిశోధనకు నమోదైన నైతిక సంఘం అనుమతి ఉండాలి. ఆ సంఘంలో వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరుడు కూడా ఉండాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో అడిగి తీసుకోండి. చదవడం రానివారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. చేరనంటే మీకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు. చేరిన తర్వాత కూడా ఏ కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, చట్టం నిర్ణయించిన నష్టపరిహారం మీకు రావాలి.

సంతకం చేసేముందు మూడు సంగతులు అడగండి: ఈ పరిశోధనకు సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టిక) సంఖ్య ఏది, నాకు ఉత్తుత్తి మందు వచ్చే అవకాశం ఉందా, రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలి. పత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడి వస్తాననడం మీ హక్కు. దానికి చిరాకు పడేవారి పరిశోధనలో చేరనవసరం లేదు.

పాత మందుల మీదే మళ్లీ పరిశోధన చేస్తే ఏమి లాభం?

ఎంతో లాభం ఉంది, మన వైద్య కళాశాలలు బలంగా చేయగలిగినది కూడా ఇదే. కోవిడ్ సమయంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ ట్రయల్, దశాబ్దాలుగా అందుబాటులో ఉన్న చవకైన డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్న రోగుల మరణాలను సుమారు మూడోవంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో తేల్చింది. పేటెంటు ముగిసిన మందు మీద ఇంత పెద్ద పరీక్షకు ఖర్చు పెట్టడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు. అనుమతి ఉన్న మందును కొత్త జబ్బుకో, కొత్త మోతాదులోనో కేవలం విద్యాపరంగా పరీక్షించేటప్పుడు, నైతిక సంఘం ఆమోదంతో నడిపే వెసులుబాటు మన నిబంధనల్లో ఉంది.

మన దేశంలో మొదలై మన రోగుల దాకా చేరినది ఏదైనా ఉందా?

రోటావాక్ టీకా ఉంది. 1985–86 కాలంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జబ్బు చేయని పసికందుల్లో దొరికిన రోటా వైరస్ రకం నుంచి అది పుట్టింది. డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, అమెరికా సంస్థలు, హైదరాబాదు భారత్ బయోటెక్ కలిసి పనిచేసి, 6,799 మంది శిశువుల్లో మూడో దశ పరీక్ష జరిపి, 2014లో అనుమతి పొందాయి. 2016లో ఈ టీకా మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆసుపత్రిలో వైరస్ దొరికిన రోజుకూ, మన అంగన్‌వాడీ పిల్లల నోట్లో చుక్కలు పడిన రోజుకూ మధ్య ముప్పై ఏళ్లు గడిచాయి. ఇటీవలి ఉదాహరణ ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ చికిత్స. దీనికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

## పేటెంటు, ధర, అంగడి

ప్రభుత్వ డబ్బుతో పరిశోధన జరిగితే మందు అంత ధర ఎందుకు?

ప్రజాధనం ఎక్కువగా తొలి దశకు అందుతుంది. మనుషులపై పరీక్షలకు, తయారీకి అయ్యే పెద్ద ఖర్చును కంపెనీ పెట్టి, పేటెంటు ఉన్నంతకాలం ధరను తానే నిర్ణయిస్తుంది. విశ్వవిద్యాలయం తన పేటెంటును కంపెనీకి ఇచ్చేటప్పుడు పెట్టే షరతులే ఇక్కడ ముఖ్యం. హెచ్‌ఐవీ మందు స్టావుడిన్‌పై పేటెంటు యేల్ విశ్వవిద్యాలయం చేతిలో ఉండేది. 2001లో విద్యార్థులు, స్వచ్ఛంద వైద్యులు ఒత్తిడి తేగా, ఆ మందుపై పనిచేసిన విలియం ప్రూసాఫ్ స్వయంగా వారికి మద్దతు పలికారు. దక్షిణాఫ్రికాలో ఆ పేటెంటును అమలు చేయబోమని, యేల్ నుంచి హక్కు తీసుకుని ఆ మందును అమ్ముతున్న కంపెనీ ప్రకటించింది. అదే ఏడాది మన సిప్లా మూడు హెచ్‌ఐవీ మందులను కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ముందుకు వచ్చింది. పేద రోగులకు అందుబాటు ధర అన్న షరతు లేకుండా ప్రజాధనంతో పుట్టిన పేటెంటును ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం.

వ్యాసం ముందు ప్రచురించాలా, పేటెంటుకు ముందు దరఖాస్తు చేయాలా?

దరఖాస్తు ముందు. ప్రచురించిన సంగతికి కొత్తదనం పోతుంది. తాత్కాలిక దరఖాస్తు వేసి, పన్నెండు నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వవచ్చు. విద్యాసంస్థలకు రుసుములో 80 శాతం తగ్గింపు ఉంది. సెమినార్ పోస్టరులో మీ కొత్త పదార్థం నిర్మాణం బొమ్మ వేసేముందు గైడును అడగండి.

అంగడిలో కొన్న మందు వికటిస్తే ఎవరికి చెప్పాలి? దానికీ పరిశోధనకూ సంబంధం ఏమిటి?

కొన్ని వేల మందిలో పరీక్షించిన మందు లక్షల మందికి చేరినప్పుడే అరుదైన దుష్ఫలితాలు బయటపడతాయి. వాటిని పోగుచేయడానికి 2010 నుంచి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. వైద్య కళాశాలల్లోని ఫార్మకాలజీ విభాగాలు దీనికి కేంద్రాలుగా పనిచేస్తాయి. రోగి కూడా నేరుగా 1800-180-3024 ఉచిత నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. మందే కారణమని మీరు నిరూపించనక్కరలేదు, అనుమానం చాలు. ఫోను చేసేటప్పుడు ఏ రోజు మొదలుపెట్టారు, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, దద్దురో వాంతులో ఎన్ని గంటల తర్వాత వచ్చాయి, దాంతోపాటు పసరు, చూర్ణం వంటివి ఏమైనా తీసుకున్నారా అని అడుగుతారు. మాత్రల అట్టను పారేయకుండా దగ్గర పెట్టుకోండి, దాని మీద ఉన్న బ్యాచ్ నంబరు కూడా వారికి కావాలి.